బంగాళదుంప, బీట్‌రూట్‌లతో కణత్వచం పనితీరును పరీక్షించడం ఎలా?

కణాన్ని చుట్టి ఉండే పలుచని పొరే కణత్వచం. దాని మందం 7–8 నానోమీటర్లు. రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు, వాటిలో అక్కడక్కడా పొదిగినట్టు ప్రోటీన్లు. ఇవి కుదురుగా ఉండవు, పొరలోనే పక్కలకు జరుగుతుంటాయి. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన నమూనా ఇదే. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఈ కొవ్వు పొరలోంచి నేరుగా దూరిపోతాయి. నీరు కొంత అలాగే వెళ్తుంది, కొంత ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ గొట్టాల గుండా వెళ్తుంది. వీటిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రే 2003లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు. పంచదార మాత్రం రవాణా ప్రోటీన్ సాయం లేనిదే దాదాపు దాటలేదు. ఈ తేడాను ఇంట్లోనే తూచి చూడవచ్చు.

బడిలో వెనిగర్‌లో పెంకు కరిగించిన గుడ్డుతో ఈ ప్రయోగం చేయిస్తుంటారు. ద్రవాభిసరణ, అంటే పొర గుండా నీరు పలచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు కదలడం, చూపడానికి అది చాలు. కానీ అక్కడ మిగిలేది ప్రోటీన్ పోగుల పొర, కణత్వచం కాదు. త్వచం గురించే తెలుసుకోవాలంటే బతికున్న కణాలు కావాలి, అందుకు దుంపలే మేలు.

మొదటి పరీక్ష: బంగాళదుంప

1. నాలుగు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో 100 మి.లీ. మంచినీళ్లు పోయండి. మిగతా మూడింటికి 6.8, 13.7, 20.5 గ్రాముల పంచదార తూచండి. ఇవి లీటరుకు 0.2, 0.4, 0.6 మోల్ ద్రావణాలవుతాయి. పంచదారను ముందు కొద్ది నీళ్లలో కరిగించి, ఆ తర్వాత 100 మి.లీ. గీత దాకా నీళ్లు కలపండి. 100 మి.లీ. నీళ్లలో పంచదార పోస్తే మొత్తం పెరిగి ద్రావణం పలచబడుతుంది.

2. ఒకే దుంపను చెక్కు తీసి, 5 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. మందంతో 12 ముక్కలు కోయండి. చెక్కు ఏమాత్రం మిగిలినా ఆ వైపు నీరు దూరదు. ముక్క దాదాపు 5 గ్రాములు తూగుతుంది కాబట్టి 0.1 గ్రాము దాకా చూపే డిజిటల్ త్రాసు తప్పనిసరి.

3. తడి అద్ది, మూడేసి ముక్కలు కలిపి తూచి, రాసుకుని గ్లాసుల్లో వేయండి. మూత పెట్టి రెండు గంటలు కదపకండి.

4. తీసి, మళ్లీ తడి అద్ది తూచండి. ఎక్కువ ఫలితాలు చెడేది ఇక్కడే. ఒక ముక్కను గట్టిగా నొక్కి, ఇంకోదాన్ని పైపైన తుడిస్తే ఆ తేడాయే బరువులో కనిపిస్తుంది. అన్నింటినీ ఒకేలా, నొక్కకుండా అద్దండి.

5. బరువులో తేడాను మొదటి బరువుతో భాగించి 100తో గుణించండి. ద్రావణాల గాఢతను అడ్డంగా, ఆ శాతాలను నిలువుగా తీసుకుని గ్రాఫ్ గీయండి. గీత సున్నాను దాటే చోటు సాధారణంగా 0.2, 0.4 మధ్య ఉంటుంది. అక్కడ నీటి కదలిక ఆగిపోయిందనుకోవద్దు. లోపలికి ఎంత వస్తోందో బయటికీ అంతే పోతోంది.

ముక్కలను వంచి కూడా చూడండి. మంచినీళ్లలోది బిగిసి ఫటుక్కున విరుగుతుంది, 0.6 మోల్ ద్రావణంలోది తోలులా వంగుతుంది. నీరు నిండిన కణం పగలకుండా, త్వచం బయట గట్టి గోడలా ఉండే కణకవచం పట్టి ఉంచుతుంది. ఆ కవచం లేని ఎర్రరక్త కణాలైతే మంచినీళ్లలో పగిలిపోతాయి. సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉండేది అందుకే. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగడానికీ మూలం ఇదే ద్రవాభిసరణ.

రెండో పరీక్ష: బీట్‌రూట్

బరువు మారిందంటే నీరు కదిలిందనే తెలుస్తుంది. దానికి త్వచమే కారణమని తేలాలంటే త్వచాన్ని చెడగొట్టి చూడాలి. బీట్‌రూట్ ఎరుపంతా కణంలోని రిక్తిక అనే ద్రవం నిండిన సంచిలో ఉంటుంది. బయటికి రావాలంటే రిక్తిక పొరనూ, కణత్వచాన్నీ దాటాలి.

ఒకే పరిమాణంలో నాలుగు ముక్కలు కోసి, నీళ్లు తేటగా వచ్చేవరకు కడగండి. కోతకు తెగిన కణాల రంగు పోకపోతే పచ్చిముక్క కూడా కారుతున్నట్టే కనిపిస్తుంది. ఒకటి అలాగే ఉంచండి. ఒకదాన్ని 70 డిగ్రీల నీళ్లలో నిమిషం ముంచండి. ఒకదాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి కరగనివ్వండి. మరోదాన్ని ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌లో ఐదు నిమిషాలు నానబెట్టి కడగండి. తర్వాత నాలుగింటినీ వేర్వేరు గ్లాసుల్లో, సమానంగా పోసిన చల్లని నీళ్లలో అరగంట ఉంచండి.

పచ్చిముక్క నీళ్లు కాస్త గులాబీ రంగుకు మారితే అదే ఎక్కువ. మిగతా మూడూ ఎర్రబడతాయి. వేడికి ప్రోటీన్లు చెడతాయి, మంచు పలుకులు పొరలను చీలుస్తాయి, ఆల్కహాల్ కొవ్వు వరుసలను చెదరగొడుతుంది. వేడి ముక్క రంగు వదలకపోతే ముక్క మరీ మందంగా ఉండి లోపలికి వేడి చేరలేదన్నమాట. అర సెంటీమీటరు మందంతో మళ్లీ కోసి చూడండి.