సిడ్నీ అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ తీసి హైబ్రిడ్ ఫ్లోరింగ్ వేసుకోవడం

సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి తయారుచేసే హైబ్రిడ్ పలకలు తక్కువ ధరలో దొరుకుతాయి, తడికి ఉబ్బవు. అయితే సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో గట్టి ఫ్లోరింగ్ వేయడం 2015 నాటి స్ట్రాటా (అపార్ట్‌మెంట్ల ఉమ్మడి యాజమాన్యం) చట్టం కిందికి వస్తుంది కనుక, కార్పెట్‌పై చెయ్యి వేయకముందే యజమానుల సంఘం ఆమోదం తీసుకోవాలి. కింది ఇంటివారికి అడుగుల చప్పుడు వినబడడమే అసలు తగాదా; సంఘం ఏ స్థాయి అండర్‌లే (పలకల కింద చప్పుడు తగ్గించే పొర) అడుగుతుందో తెలుసుకున్నాకే పలకలు కొనండి.

కార్పెట్‌ను కత్తితో పట్టీలుగా కోసి చుట్టేశాక, గోడల వెంట మేకులున్న చెక్క బద్దలు మిగులుతాయి. వాటిని పెకలిస్తే కాంక్రీటు పెచ్చులూడి రూపాయి బిళ్లంత గుంటలు పడతాయి, వాటిని పూడ్చాలి. తర్వాత మీటరు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపు వేసి 24 గంటలు ఉంచి, అడుగున చెమ్మ కనిపిస్తే కారణం తేలేదాకా పని ఆపండి.

నా దృష్టిలో డబ్బు మిగుల్చుకోకూడనిది నేల చదును చేయడంలోనే. రెండు మీటర్ల తిన్నని బద్దను అన్ని దిక్కులా పెట్టి చూసి, మూడు మిల్లీమీటర్లు మించిన పల్లాలను లెవెలింగ్ సిమెంటుతో నింపకపోతే, నడిచినప్పుడు పలకలు కుంగి, వాటిని ఒకదానికొకటి బిగించే అంచు లాకులు విరుగుతాయి.

పలకలకే అండర్‌లే అంటించి ఉంటే, తయారీదారు అనుమతి లేకుండా మరొకటి పరచవద్దు. గోడల దగ్గర పది మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. దాన్ని స్కర్టింగ్ కప్పేస్తుంది.