లైఫ్‌టైమ్ మెంబర్‌షిప్ కొనే ముందు ఈ లెక్క వేసుకోండి

చెస్, పుస్తకాలు, సినిమాలు, మీ హాబీ ఏదైనా కానీ, మీరు రోజూ తిరిగే సైటు ఏదో ఒక రోజు "ఒక్కసారి కట్టండి చాలు, మళ్లీ కట్టక్కర్లేదు" అంటుంది. పక్కన "ఆఫర్ ముగియడానికి ఇంకా ఇన్ని గంటలే" అని గడియారం తిరుగుతుంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడకండి. ముందు లైఫ్‌టైమ్ ధరను ఏడాది చందాతో భాగించండి. మూడేళ్ల లోపు గిట్టుబాటైతే ఆలోచించొచ్చు. ఐదేళ్లు దాటితే మాత్రం నేను ఏడాది చందాతోనే సరిపెట్టుకుంటాను, అన్నేళ్లు మన సరదా ఉంటుందో లేదో, సైటు ఎవరి చేతికి పోతుందో ఎవరికెరుక.

ఇంట్లో ఉన్న పుస్తకాలన్నిటికీ జాబితా రాసుకునే లైబ్రరీథింగ్‌నే తీసుకోండి. 2005లో మొదలైంది. అప్పట్లో 200 పుస్తకాల దాకా ఉచితం, ఆపైన ఏడాదికి 10 డాలర్లు, లేదంటే 25 డాలర్లకు జీవితాంతం. రెండున్నరేళ్లకే డబ్బులు వచ్చేసినట్టు, ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది? కాకపోతే 2020 మార్చిలో అందరికీ ఉచితం చేసేశారు. 2006లో కొన్నవాళ్లకు పైసా నష్టం లేదు, 2020 ఫిబ్రవరిలో కొన్నవాళ్ల సంగతి వేరు.

దీనికి తిరగేసిన కేసు ప్లెక్స్. దాచుకున్న సినిమాలూ పాటలూ టీవీలో పెట్టుకోవడానికి వాడేది. 2025 ఏప్రిల్ 29న లైఫ్‌టైమ్ ధరను 119.99 డాలర్ల నుంచి ఏకంగా 249.99కి పెంచారు, ఏడాది చందా కూడా 39.99 నుంచి 69.99 అయింది. ఈ పెంపు సంగతి నెల ముందే చెప్పారు కాబట్టి అప్పటికే రోజూ వాడుతున్నవాళ్లు పాత ధరకే కొనుక్కున్నారు. ముందు కొన్నాళ్లు నెల చందాతో వాడి చూడండి, అలవాటైందనిపిస్తే అప్పుడు పెద్ద మొత్తం కట్టండి అని నేను చెప్పేది అందుకే.

ఇక షరతుల పేజీ. బోరు కొడుతుంది, అయినా రెండు విషయాలు వెతకండి: కంపెనీ అమ్ముడుపోతే పాత సభ్యుల గతేంటి, మీరు ఎక్కించిన డేటాను ఫైలుగా దించుకునే వీలుందా. 2004లో టెక్స్ట్‌డ్రైవ్ అనే హోస్టింగ్ (వెబ్‌సైట్లకు సర్వర్లో చోటిచ్చే) కంపెనీ తలా 199 డాలర్లకు 200 మందికి జీవితాంతం హోస్టింగ్ అంది. తర్వాత అది జాయెంట్ అనే కంపెనీలో కలిసింది, 2012లో జాయెంట్ ఆ ఖాతాలు మూసేస్తున్నామని చెప్పేసింది. గొడవయ్యాక టెక్స్ట్‌డ్రైవ్‌ను మళ్లీ తెరిచారు కానీ 2014లో అదీ మూతపడింది. నిజానికి ఎనిమిదేళ్లకు 199 డాలర్లంటే దండగేమీ కాదు, జనానికి మండింది మాట తప్పినందుకే. సైటు ఉన్నంతకాలమే మీ సభ్యత్వం అనుకుని కట్టండి, డేటాను అప్పుడప్పుడూ దించి పెట్టుకోండి.

మొదటి మద్దతుదారులకిచ్చే బ్యాడ్జీలు, రంగు పేర్లు మరో రకం. చాటింగ్ యాప్ డిస్కార్డ్‌లో 2018 అక్టోబర్ 10కి ముందు నైట్రో అనే దాని చందా కొన్నవాళ్లకే ఎర్లీ సపోర్టర్ బ్యాడ్జీ ఉంటుంది, ఇప్పుడు ఎంత కట్టినా రాదు. ముచ్చటగా ఉంటుంది, అంతే. చెస్ ఆడే లీచెస్‌లోనైతే 250 డాలర్లు ఒకేసారి కట్టి జీవితాంతం పేట్రన్ (పోషకులు) అవ్వొచ్చు, పేరు పక్కన రెక్కల గుర్తు వస్తుంది, ఆటలో అదనంగా వచ్చేది సున్నా. అది విరాళం, మనసుంటే ఇవ్వండి, లాభనష్టాల లెక్క దానికి పెట్టకండి. పాత సభ్యులకు పాత ధరే అనే ఆఫర్లో మాత్రం నిజంగా డబ్బు మిగులుతుంది, కాకపోతే చాలాచోట్ల మధ్యలో చందా ఆపితే ఆ ధర పోతుంది, అది ముందే అడగండి.

మన దేశం నుంచి కట్టేటప్పుడు ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. చాలా కార్డుల మీద 2 నుంచి 3.5 శాతం ఫారెక్స్ (విదేశీ కరెన్సీ మార్పిడి) చార్జీ, ఆ చార్జీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడతాయి, కొన్ని సైట్లు ధర మీద కూడా జీఎస్టీ కలుపుతాయి. ఆర్బీఐ ఆటోపే నిబంధనల వల్ల విదేశీ సైట్ల చందాలు మన కార్డుల మీద తరచూ ఫెయిలవుతుంటాయి కాబట్టి, ఒకేసారి కట్టేయడంలో ఆ తలనొప్పి ఉండదు, ఇదొక్కటి లైఫ్‌టైమ్ వైపు మొగ్గే కారణమే. రసీదును పీడీఎఫ్‌గా దాచుకోండి. ఆఫీసు మెయిలుతోనో కాలేజీ మెయిలుతోనో మాత్రం ఖాతా తెరవకండి, ఆ మెయిలు పోయాక పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ సభ్యత్వం మీదేనని రుజువు చేసుకోవడానికి చుక్కలు కనిపిస్తాయి.