ఒంటరిగా పేషెంట్ ఇంటికి వెళ్ళేటప్పుడు జాగ్రత్తగా ఉండటం ఎలా?

ఆసుపత్రిలో కేకేస్తే పక్క వార్డు నుంచైనా ఎవరో ఒకరు వస్తారు. అదే ఐదో అంతస్తు ఫ్లాట్‌లో తలుపు వేసి ఉండి, హాల్లో టీవీ మోగుతుంటే మన గొంతు వంటగది కూడా దాటదు. హోమ్ నర్సులు, ఫిజియోథెరపిస్టులు, రక్తం శాంపిల్ కోసం తెల్లారకముందే బయల్దేరే కుర్రాళ్ళు, అటెండెంట్లు రోజూ ఇలాంటి ఇళ్ళకే వెళ్తారు. ఎక్కువ ఇళ్ళలో మంచినీళ్ళు, కాఫీ ఇచ్చి మర్యాదగానే చూస్తారు. మన జాగ్రత్తంతా ఆ మిగతా కొన్ని ఇళ్ళ కోసం. అవి ఏవన్నది ముందే తెలియదు కాబట్టి అన్నిచోట్లా ఒకే పద్ధతి పాటించాలి.

1. ముందుగా ఫోన్ చేయండి

పేషెంట్ పేరు, జబ్బు, ఇంట్లో ఆ సమయానికి ఎవరెవరు ఉంటారు, కుక్క ఉందా, లిఫ్ట్ పనిచేస్తోందా అని అడగండి. డాక్టర్ చీటీ వాట్సాప్‌లో పెట్టమనండి. పేషెంట్ వయసెంతో చెప్పడానికి తడుముకుంటూ, మీరు ఒక్కరే వస్తారా అని మాత్రం రెండుసార్లు అడిగితే ఆ విజిట్‌కి తోడు కావాలని సూపర్‌వైజర్‌కి చెప్పండి. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళు కొట్టడం, తోయడం చేస్తారా అన్నది కూడా మీరే అడగాలి. ఇంటివాళ్ళు సిగ్గుపడి దాస్తారు.

2. లోపలికెళ్ళిన టైమ్, బయటికొచ్చే టైమ్ ఒకరికి తెలియాలి

ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతావాటిలో చిన్న పొరపాట్లు జరిగినా గట్టెక్కవచ్చు. ఏజెన్సీలో గానీ, ఇంట్లో గానీ ఒక మనిషిని ఎంచుకోండి. ఇంటి నంబరు, వాచ్‌మన్ నంబరు, పని ఎప్పటికి అయిపోతుందో మెసేజ్ పెట్టండి. బయటికి రాగానే ‘వచ్చేశాను’ అని పెట్టండి.

చెప్పిన టైమ్ దాటి పదిహేను నిమిషాలైనా మెసేజ్ రాకపోతే ఆ మనిషి ఫోన్ చేయాలి. ఎత్తకపోతే ఐదు నిమిషాలకు మళ్ళీ చేయాలి. అప్పటికీ పలకకపోతే వాచ్‌మన్‌ని తలుపు కొట్టమని అడగాలి, వెంటనే 112కి చెప్పాలి. ఈ వరసంతా ముందే మాట్లాడుకోండి. నేను మొదట్లో మా రూమ్‌మేట్‌ని పెట్టుకున్నాను. తనది నైట్ డ్యూటీ, పగలంతా ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోయేది. నేను పెట్టిన ‘లోపలికి వెళ్తున్నా’ మెసేజ్‌లన్నీ సాయంత్రం ఆరింటికి చదివేదని నెల తర్వాత తెలిసింది. అందుకే ఆ టైమ్‌లో మెలకువగా, ఫోన్ చేతిలో ఉండే మనిషినే పెట్టుకోవాలి.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలకు, ఒక గంటకు, 8 గంటలకు పంపవచ్చు. పంపండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఫోన్ ఎక్కడుందో అది చెబుతుంది, మీరెలా ఉన్నారో చెప్పదు.

ఒక గుర్తు మాట కూడా అనుకోండి. ‘అక్కా, పాప స్కూల్ నుంచి వచ్చిందా?’ అని అడిగారంటే ఇక్కడ బాగోలేదు, నాకు ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మను అని అర్థం. పక్కన ఎవరున్నా అనుమానం రాదు.

3. గుమ్మం దగ్గర

స్కూటీని రోడ్డు వైపు తిప్పి పెట్టండి. ఏ ఫ్లాట్‌కి వచ్చారో వాచ్‌మన్‌కి చెప్పి, రిజిస్టర్ ఉంటే రాయండి. బెల్ కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడండి. పేషెంట్ ఇంట్లో లేరు, వస్తారు, లోపల కూర్చోండి అంటే కిందే ఆగుతానని చెప్పండి. లోపలికి వెళ్ళేటప్పుడు వాళ్ళను ముందు నడవనిచ్చి, తలుపు గడియ ఎలా తీయాలో ఒక చూపు చూసుకోండి. ఫోన్ బ్యాగులో కాదు, ఒంటిమీద జేబులో ఉండాలి. ఐడీ కార్డు తాడు లాగితే ఊడిపోయే రకం కొనండి.

4. పని చేసేటప్పుడు

పడకగది తలుపు తెరిచే ఉంచండి. స్నానం, క్యాథెటర్ (మూత్రం గొట్టం) లాంటి పనులప్పుడు ఇంటివాళ్ళలో ఒకరిని గదిలో ఉండమనండి. బీరువా తాళాలు, నగలు మీ చేతికి తీసుకోకండి. ఉంగరం తీయాల్సివస్తే ఇంటివాళ్ళతోనే తీయించి నోట్‌లో రాయండి. దొంగతనం నింద పడితే ఈ పనిలో కోలుకోవడం కష్టం.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకండి, గట్టి డబ్బాలో వేయండి. గుచ్చుకుంటే నొక్కి రక్తం తీయకుండా సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటకూడదు. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్ళతో కడగాలి, టీకా తప్పదు. ఆక్సిజన్ పెట్టిన గదిలో దీపం, అగరొత్తి ఉంటే పక్కగదిలోకి మార్పించండి. ‘దేవుడి దగ్గర దీపం ఆర్పమంటారా’ అని ఎవరైనా బాధపడితే, ఆర్పడం కాదమ్మా, జరపడమే అని చెబితే వింటారు.

5. బయటపడాలనిపిస్తే

ఇంట్లో ఎవరో తాగి ఉన్నారు, మాటలు తేడాగా ఉన్నాయి, దారికి అడ్డంగా నిలబడుతున్నారు. మనసు కీడు శంకిస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. ‘బీపీ మిషన్ బండిలో మర్చిపోయాను, తెస్తాను’ అని లేవండి. బ్యాగు వదిలేసి రండి. పేషెంట్ పరిస్థితి బాగోలేకపోతే కిందికి వచ్చాక 108కి ఫోన్ చేయండి.

మీ ఫోన్‌లో పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుందో సెట్టింగ్స్‌లో ఇవాళే చూసుకోండి, మోడల్‌ని బట్టి మారుతుంది. ప్రయాణానికి తెలంగాణలో పోలీసుల టీ-సేఫ్ సేవ, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉన్నాయి. మహిళల హెల్ప్‌లైన్ 181.

6. తర్వాత

జరిగింది ఆ రోజే తేదీ, టైమ్‌తో సహా రాసి పెట్టుకోండి. ‘అది ఆఫీసు కాదు కదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి. పనిచేసేచోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం ఉద్యోగం మీద వెళ్ళిన ఇల్లు కూడా పనిచేసే చోటే. పదిమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న ఏజెన్సీలో ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. లేకపోతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు. పోలీస్ కేసైతే మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే.

ఆ ఇంటి ఫైల్‌లో ‘ఇక్కడికి ఇద్దరు వెళ్ళాలి’ అని ఎర్ర పెన్నుతో రాయించండి. రేపు మీ బదులు వెళ్ళేది మొన్ననే చేరిన అమ్మాయి కావచ్చు.