రేవులో చేరని నీరు సముద్రంలో ఎందుకు చేరుతుంది?

రేవులో వారం రోజులు కట్టి ఉంచినా తడి తగలని పడవ, సముద్రంలో రెండు గంటలు నడిచేసరికి అడుగున నీరు పట్టిందంటే, పంపు తోడేస్తోంది కదా అని ఊరుకోకూడదు. కారణం దొరికేదాకా అది దూర ప్రయాణానికి పనికిరాదు.

ముందుగా ఆ నీటిని వేలితో తీసి నాలుకకు తాకించి, ఉమ్మివేయండి. చప్పగా ఉంటే అది వాన నీరు గానీ, మంచినీటి ట్యాంకు నుంచి కారినది గానీ అయి ఉంటుంది. ఉప్పగా ఉంటేనే సముద్రం లోపలికి వస్తున్నట్టు. ఈ చిన్న పని చేయకుండానే పడవను ఒడ్డుకెక్కించి అడుగంతా గీకించినవారిని ఎందరినో చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను.

ఉప్పు నీరే అయితే ప్రొపెల్లర్ షాఫ్టు గ్లాండు, అంటే పడవను నెట్టే రెక్కల ఇరుసు బయటికి వెళ్లేచోట నీరు రాకుండా ఆపే బిగింపు, చూడండి. తాడు ప్యాకింగు (సందులో కుక్కిన తాడు చుట్లు) ఉన్న గ్లాండు నుంచి షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడటం సహజమే, ఆగాక మాత్రం పడకూడదు. ధారగా కారుతుంటే నట్లను రెండువైపులా సమానంగా, కొద్దికొద్దిగా బిగించండి. అతిగా బిగిస్తే గ్లాండు వేడెక్కి షాఫ్టు అరుగుతుంది. నీటిమట్టానికి దిగువనున్న గొట్టాల క్లిప్పులు తుప్పు పట్టి ఉంటే మార్చేయండి.

ఇవన్నీ బాగున్నా నీరు వస్తుంటే, నీటిని బయటికి తోడే పంపునే అనుమానించాలి. ఒక పడవకు నేను రెండుసార్లు గ్లాండు ప్యాకింగు మార్చాక గానీ ఈ సంగతి నా బుద్ధికి తట్టలేదు. రేవులో పంపు గొట్టం చివర నీటిపైనే ఉంటుంది. సరుకు ఎక్కి పడవ కుంగినప్పుడు, లేదా గాలికి ఒకవైపు ఒరిగినప్పుడు, ఆ చివర మునుగుతుంది. అప్పుడు పంపు నడిచి ఆగితే, గొట్టం నిండా ఉన్న నీరు సైఫన్‌లా వెనక్కి తిరిగి సముద్రాన్ని లోపలికి లాగుతుంది. లోపలి నీటిమట్టం పెరగగానే ఫ్లోట్ స్విచ్ (నీటితోపాటు తేలి పైకి లేచే స్విచ్) పంపును మళ్లీ నడుపుతుంది, ఆగగానే నీరు మళ్లీ వస్తుంది. ఇలా బ్యాటరీ అయిపోయేదాకా సాగి, ఆ తరువాత పడవ నిండటమే మిగులుతుంది. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల లోతున ఉన్న 25 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి నిమిషానికి సుమారు 40 లీటర్లు లోపలికి వస్తాయి. గొట్టంలో రాపిడి వల్ల సైఫన్ వేగం ఇంతకన్నా తగ్గినా, రాత్రంతా సాగితే ప్రమాదమే.

దీనికి విరుగుడుగా, పడవ పూర్తిగా ఒరిగినా మునగనంత ఎత్తుకు గొట్టాన్ని వంపుగా తీసుకెళ్లి, వంపు కొనలో గాలిని లోపలికి వదిలే యాంటీ సైఫన్ వాల్వు పెట్టి, బయటి చివరను కూడా వీలైనంత పైకి మార్చాలి. ఆ వాల్వులో ఉప్పు పేరుకుంటే గాలి ఆడదు కనుక దాన్ని అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి. ఒకవైపే తెరుచుకునే వాల్వు చాలునని చాలామంది వాదిస్తారు. చిన్న చెత్త ఇరుక్కున్నా అది మూసుకోదు, దాన్ని నమ్మి సముద్రంలోకి వెళ్లకండి.

చెక్కలో పగులు, కీల్ (పడవ అడుగున పొడవునా ఉండే దూలం) బోల్టుల వదులు వంటివి అరుదు, వాటిని చివరికి ఉంచండి.

బయలుదేరేముందు రేవులోనే బరువులను గొట్టం ఉన్న వైపుకు జరిపి, దాని చివర మునిగేలా పడవను ఒరిగించి, అడుగున కొంత నీరు పోసి పంపు నడిపి ఆపండి. పది నిమిషాల్లో లోపలి నీరు పెరిగితే ఆ రోజు తాడు విప్పకండి.