అమ్మానాన్నలని లండన్‌లో ఆఫ్టర్‌నూన్ టీకి తీసుకెళ్తున్నారా?

శాండ్‌విచ్‌లు, స్కోన్లనే చిన్న బన్నుల్లాంటివి, కేకులు టీతో కలిపి వడ్డించే ఈ ఫలహారానికి సగం పని టేబుల్ బుక్ చేసేటప్పుడే అయిపోవాలి. అక్కడ కూర్చున్నాక అడిగితే చాలావరకు కుదరదు.

ముందు గుడ్డు సంగతి. ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే లెక్క. శాండ్‌విచ్‌లోనే కాదు, కేకుల్లోనూ ఉంటుంది, స్కోన్ మెరవడానికి పైన పూసే పూతలోనూ ఉండొచ్చు. "నో ఎగ్, నో జెలటిన్" అని రెండూ విడివిడిగా రాయండి. చట్టప్రకారం చెప్పి తీరాల్సిన 14 అలెర్జీ పదార్థాల్లో గుడ్డు ఉంది, అడిగితే చెప్తారు. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఆ జాబితాలో లేదు. మూస్ అనే నురగలాంటి స్వీట్‌లోనో జెల్లీలోనో కనపడకుండా వచ్చేస్తుంది. ఈ గొడవంతా వద్దనుకుంటే పాలు, గుడ్డుతో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ లేని వీగన్ మెనూ చెప్పి, వెన్న, మీగడలాంటి క్లాటెడ్ క్రీమ్ పక్కన విడిగా ఇమ్మనండి.

వేసవిలో ఇండియాకీ ఇంగ్లండ్‌కీ తేడా నాలుగున్నర గంటలు. ఇక్కడ మధ్యాహ్నం 12 అంటే, కొత్తగా దిగిన వాళ్ళ ఒంటికి సాయంత్రం నాలుగున్నర, సరిగ్గా టీ వేళ. దిగిన మర్నాడే సాయంత్రం 5కి బుక్ చేస్తే నాన్నగారు స్కోన్ ముందే కునుకు తీస్తారు. ఈ టీతోనే కడుపు నిండిపోతుంది, ఆ పూట ఇంట్లో అన్నం వండకండి. మన హోటళ్ళ అలవాటుకొద్దీ "హై టీ" అని కూడా అడగకండి. ఇక్కడ ఆ పేరు ఒకప్పటి కార్మికుల ఇళ్ళలో సాయంత్రం తినే భోజనానిది.

టీ విషయంలోనే పెద్దవాళ్ళు ఎక్కువ నిరాశపడతారు, మరిగించి ఇవ్వరు కాబట్టి. అస్సాం చెప్పండి. ఆకు 5 నిమిషాలు నానాక జల్లెడలోంచి వంచుకోవాలి. జగ్గులో ఇచ్చేవి చల్లటి పాలు, అవి పోస్తే టీ చల్లారిపోతుంది, వేడి పాలు అడగండి. ఆకు పాట్‌లోనే ఉంటే రెండో కప్పు వగరెక్కుతుంది, వేడినీళ్ళు కూడా తెప్పించుకోండి. ఎర్ల్ గ్రే వద్దు. అందులోని బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు వాసనకి పాలు కలిస్తే మనవాళ్ళకి సబ్బు గుర్తొస్తుంది.

మూడంతస్తుల స్టాండ్‌లో కింద శాండ్‌విచ్‌లతో మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. స్కోన్‌ని మాత్రం చల్లారనివ్వకండి. చేత్తో అడ్డంగా విడదీసి, రెండు సగాలకీ విడిగా క్రీమ్, జామ్ రాసుకోవాలి, మళ్ళీ మూతపెట్టకూడదు. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న డెవన్‌లో ముందు క్రీమ్ రాస్తారు, దాని పక్కనున్న కార్న్‌వాల్‌లో ముందు జామ్. క్లాటెడ్ క్రీమ్ మన గట్టి మీగడలాంటిదే, అమ్మకి పరిచయం అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళ కేకులు డబ్బాలో పెట్టించండి.

డబ్బు ముందే కట్టే వీలుంటే కట్టేయండి. బిల్లు బల్ల మీదికి వచ్చిందంటే అమ్మ రూపాయల్లోకి మార్చేస్తుంది.