ఇంగ్లీషు కాలాలు - 6వ పాఠం: ‘సా’ ఎక్కడ, ‘హావ్ సీన్’ ఎక్కడ?

పోయిన పాఠంలో గో-వెంట్-గాన్, సీ-సా-సీన్ వంటి క్రియల మూడు రూపాలూ కంఠతా పట్టాం. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు రెండో రూపం వాడాలా, ‘హావ్’ చేర్చి మూడో రూపం వాడాలా?

తెలుగులో ‘చూశాను’ అనే ఒక్క మాట రెండు పనులూ చేస్తుంది. “నిన్న చూశాను”, “ఈ ఊరు ఇంతకుముందే చూశాను” అంటాం, క్రియ మారదు. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ సా’, రెండోది ‘ఐ హావ్ సీన్’.

ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లల నోట నేను తరచుగా వినే వాక్యం ఒకటుంది: ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019.’ హావ్ చేరిస్తే మాటకు మర్యాద, బరువు వస్తాయని వాళ్ల నమ్మకం. అది పొరపాటు. 2019 అని చెప్పాక అక్కడ హావ్‌కు చోటు లేదు. ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019’ అనాలి. సంవత్సరం తీసేసి చూడండి: ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ.’ ఇది నిక్షేపంలాంటి వాక్యం. చదువు ఎప్పుడు ముగిసిందో ఇది చెప్పదు, ఈరోజు నా చేతిలో పట్టా ఉందని చెబుతుంది.

ఇలాంటి వాడుక తెలుగులో అసలే లేదనుకోకండి. “చుట్టాలు వచ్చి ఉన్నారు” అంటాం కదా! రావడం అయిపోయింది, మనుషులు మాత్రం ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. ‘దే హావ్ కమ్’లో ఉన్నదీ అదే భావం. తలుపు ముందు నిలబడి, జేబులన్నీ వెతుక్కుని ‘ఐ హావ్ లాస్ట్ మై కీ’ అన్నారంటే తాళంచెవి ఇంకా దొరకలేదన్నమాట. దొరికిన తర్వాత ఆ సంగతి ఎవరికైనా చెప్పాలంటే ‘ఐ లాస్ట్ మై కీ యెస్టర్‌డే’ అంటే చాలు.

ప్రశ్నల్లో మనకు ఇంకా మంచి ఆసరా ఉంది. “హైదరాబాద్ ఎప్పుడు వెళ్లారు?” అంటే ‘వెన్ డిడ్ యూ గో?’ “ఎప్పుడైనా వెళ్లారా?” అంటే ‘హావ్ యూ ఎవర్ బీన్ టు హైదరాబాద్?’ ‘ఎప్పుడు’కు డిడ్, ‘ఎప్పుడైనా’కు హావ్. ‘వెన్ హావ్ యూ కమ్?’ అనే మాట ఈరోజుతో మానేయండి.

గతించిన వారి జీవితానికి సింపుల్ పాస్టే, అంటే ‘సా’లాంటి హావ్ లేని రెండో రూపమే వాడాలి. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి ‘గురజాడ లివ్డ్ ఇన్ విజయనగరం’ అంటాం, ‘హాస్ లివ్డ్’ అనం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అని అడగడం మామూలే. బ్రిటన్‌లో ‘హావ్ యూ ఈటెన్ యెట్?’ అనడమే ఎక్కువ. రెండూ సరైనవే, కంగారు పడకండి. ‘హావ్ కంప్లీటెడ్ ఇన్ 2019’ మాత్రం రెండు చోట్లా తప్పే.

ఈ నాలుగు వాక్యాలూ ఇంగ్లీషులో రాసి పెట్టుకోండి:

బస్సు ఏడింటికి వెళ్లిపోయింది.
బస్సు వెళ్లిపోయింది, ఆటో పిలవండి.
మీరు అరకు ఎప్పుడైనా చూశారా?
అరకు ఎప్పుడు చూశారు?

జవాబులు 7వ పాఠంలో సరిచూసుకుందాం. “పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను” అనే వాక్యాన్ని కూడా అక్కడే పట్టుకుందాం.