నాయనమ్మలా పాత చీరలతో బొంత కుట్టుకోవడం ఎలా?

మా నాయనమ్మ చీర చిరిగితే పారేసేది కాదు. ముందు మాసిక వేసి ఇంట్లో కట్టుకునేది. అదీ నిలవకపోతే మనవల ఉయ్యాలకు కట్టేది, పొత్తిగుడ్డలు చేసేది, బొంతలో పొరగా పరిచేది. ఆఖరున మిగిలిన పీలిక పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది. తాతయ్య చొక్కా పాతబడితే గుండీలు కోసి సీసాలో దాచేది. ఈ అలవాట్లన్నిటిలో ఇప్పటి ఇళ్ళలోనూ హాయిగా మళ్ళీ మొదలుపెట్టగలిగింది బొంత కుట్టడమేనని నా నమ్మకం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకుని మరీ మొదలుపెట్టండి. ట్రంకు పెట్టె తెరిస్తే ఏ చీర ఏ పెళ్ళికి కొన్నదో వాళ్ళే చెబుతారు. వినండి, రాసి పెట్టుకోండి.

1. చీరలు ఎంచుకోండి

ఒక మనిషికి సరిపడే బొంతకు రెండు చీరలు చాలు. అచ్చమైన నూలువే తీసుకోండి. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట నూలు చీరలు ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తబడతాయి. కుంచించుకుపోయేది, రంగు పోయేది ఈపాటికే అయిపోయి ఉంటుంది కాబట్టి కొత్త గుడ్డ కంటే పాతదే మేలు. పాలిస్టర్ చీర వద్దు. చెమట పీల్చదు, సూది కింద జారుతుంది. నా మొదటి బొంతలో అలాంటిదొకటి పెట్టాను, రెండు ఉతుకులకే లోపల ముద్దకట్టింది. జరీ అంచు ఒంటికి గుచ్చుకుంటుంది, కోసి తీసేయండి.

చీరను రెండు చేతులతో పట్టుకుని కాస్త లాగి చూడండి. పర్రున చిరిగేలా ఉంటే లోపలికి, గట్టిగా ఉంటే పైకి.

2. ఉతికి ఆరబెట్టండి

వేడినీళ్ళలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించండి. గంజి ఉంటే పురుగు చేరుతుంది.

3. పొరలు పరచండి

చీర పొడవు సుమారు 5.5 మీటర్లు. గట్టి చీరను మూడు సమాన ముక్కలుగా కోస్తే ఒక్కోటి దాదాపు 6 అడుగులు వస్తుంది. వెడల్పు ఎలాగూ నాలుగడుగులకు కాస్త తక్కువగా ఉంటుంది. ఒక ముక్క నేల మీద పరచండి. దాని మీద నలిగిన చీరను కోయకుండా మూడు మడతలుగా వేయండి. పైన రెండో ముక్క కప్పండి. పైట కొంగు బాగుంటే అది పైకి కనబడేలా చూసుకోండి. మూడో ముక్కను చలి ఎక్కువుండే ఊళ్ళో అయితే మధ్యలో వేసుకోవచ్చు, లేదంటే రేపటి మాసికలకు దాచండి.

నాలుగు మూలలా బియ్యం డబ్బానో రోకలో బరువు పెట్టి, మధ్య నుంచి బయటికి అరచేత్తో ముడతలు తీయండి. తర్వాత పొరలు కదలకుండా మధ్య నుంచి చివరలకు పొడుగాటి టాకాలు, అంటే ఆఖరున తీసేసే తాత్కాలిక కుట్లు, వేయండి. ఈ పని తొందరపడి చేస్తే బొంత ఒకవైపుకు లాగేస్తుంది.

4. కుట్టండి

లావుపాటి నూలు దారం బారెడు చాలు, అంతకు మించితే చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దితే జారుగా వెళుతుంది. ముడి పొరల మధ్యకు పోయేలా మొదటి పోటు వేయండి. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి, వరుసకీ వరుసకీ రెండు వేళ్ళ ఎడం ఉండాలి. అలా దాదాపు 30 వరుసలు పడతాయి. మొదటి వరుస నిలువునా నట్టనడుమ వేసి, ఆ తర్వాత అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోండి. సూది తోసే వేలికి గుడ్డపీలిక చుట్టుకోండి. రోజుకో గంట కూర్చున్నా కొన్ని వారాలు పట్టే పని ఇది. మా నాయనమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరుగమ్మను, పొరుగమ్మను పిలిచి బొంత చుట్టూ కూర్చునేది. మాటల్లోనే పది వరుసలు అయిపోయేవి.

5. అంచులు ముగించండి

నేతంచు ఉన్న వైపు దారాలు ఊడవు, సాదా కుట్టు చాలు. కోసిన వైపులను లోపలికి మడిచి దగ్గర కుట్లు వేసి, ఆ తర్వాతే టాకాలు తీయండి.

6. చూసుకోండి

తడిసిన బొంత చాలా బరువు. పిండకుండా పిట్టగోడ మీద నీళ్ళు ఓడ్చి, రెండు వైపులా ఎండబెట్టండి. చిరిగినచోట మాసిక వేయండి. మాసికలకూ నిలవనప్పుడు దాన్నే కొత్త బొంతలో నడిమి పొరగా పెట్టండి. మా మంచం మీదున్న బొంతలో అలా నాయనమ్మ కుట్టిన పాతదే ఉంది. పైగుడ్డ పలచబడిన చోట ఆవిడ ఎర్రదారం కుట్లు కనబడుతున్నాయి.